మూడు ఎర్ర గీతలు

గంగన్న గురించి చెప్పమని నన్నెవరూ అడగలేదు. అడిగే దిక్కే ఉంటే ఎప్పుడో అడిగి ఉండేవాళ్లు. బరంపురంలో మా పార్సిల్ గోదాంలో పదకొండేళ్లు మూటలు మోసిన కళాసీ అతను. నేను ఆ గోదాంలో గుమస్తాని. పేరు నీలకంఠం, ఇల్లు గోసాని నువాగాంలో. గంగన్న కుడిచెయ్యి పోవడానికి కారణం నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. దాచి దాచి చివర్లో చెప్పి మీ చేత అయ్యో అనిపించుకోవాలని నాకేం లేదు. తిట్టదలచుకున్నవాళ్లు నిక్షేపంగా తిట్టండి, కాకపోతే పూర్తిగా విని తిట్టండి.

గంజాం ఊరి దగ్గర రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఉన్న చేపలవాళ్ల వాడ అతనిది. ఎన్ని తరాల కిందట వచ్చి అక్కడ దిగారో వాళ్లకే తెలియదు. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా. పడవలో అతనికి ఒక వాటా ఉండేది. ఒక తుపానులో ఆ పడవ ముక్కలైపోతే బతుకుతెరువు కోసం బరంపురం వచ్చి మా గోదాంలో చేరాడు. వారమంతా గోదాం వెనక వసారాలో పడుకునేవాడు, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోయేవాడు. ఆదివారమంతా గుమ్మంలో కూర్చుని వలలు అల్లేవాడు. అతను అల్లిన వలలో కన్నుకీ కన్నుకీ వెంట్రుకవాసి తేడా ఉండేది కాదట. చుట్టుపక్కల వాడల వాళ్లు కూడా వచ్చి అల్లించుకునేవాళ్లు. మూటలు ఎవడైనా మోస్తాడు, ఆ చెయ్యి మాత్రం ఇంకొకడికి రాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. మూట ఎత్తేముందు కుడి అరచేతికి గుడ్డ చుట్టుకునేవాడు.

ఎనభై రెండు, ఎనభై మూడు ప్రాంతాల్లో భంజనగర్ వైపు పెద్ద పెద్ద గొట్టాల పని జరుగుతుండేది. గొట్టం అతుకు సరిగ్గా పడిందో లేదో ఫోటో తీసి చూస్తారు. ఆసుపత్రిలో ఎముకను ఎక్స్‌రే తీసినట్టే. అందుకు వాడే రేడియోధార్మిక పదార్థం చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాన్ని బరువైన లోహం మధ్య దాచి పెట్టెలో పంపుతారు. పెట్టె చూస్తే జానెడున్నర, ఎత్తితే నడుం పట్టేస్తుంది. ఆ పెట్టెలు మా గోదాం మీదుగా వచ్చి పోతుండేవి.

పెట్టెకి రెండు పక్కలా లేబుళ్లు ఉండేవి. మూల మీద నిలబెట్టిన చదరం ఆకారం. పైసగం పసుపు రంగు, అందులో మూడు రేకుల నల్ల గుర్తు. దాని కింద మూడు నిలువు ఎర్ర గీతలు. మొదటిసారి ఆ పెట్టెని చూసి గంగన్న తలగుడ్డ తీసేశాడు.

"ఇదెవురు పంపినారు బాబూ?" అన్నాడు నాతో.

"ఎవరు పంపితే నీకెందుకురా? ఎత్తు."

"అది కాదు బాబూ. అమ్మకి అప్పసెప్పిన పెట్టి కదా ఇది. సూడండి, పసుపు, కుంకం, మారేడు దళం."

వాళ్ల వాడలో కొత్త పడవని నీళ్లలోకి దించేముందు దాని ముక్కుకి పసుపు పూసి, మూడు నిలువు గీతలు కుంకంతో దిద్ది, గంగమ్మకి అప్పగిస్తారు. అప్పగించాక ఆ పడవ బాధ్యత అమ్మదే. ఈ పెట్టెని కూడా ఎవరో అలాగే దూరప్రయాణానికి అమ్మ చేతిలో పెట్టి పంపారని అతను అనుకున్నాడు. పెట్టెకి నమస్కారం పెట్టి గోదాంలో తూర్పు మూల కడిగి అక్కడ దింపాడు. సాయంత్రానికి దాని మీద ఒక బంతిపువ్వు, పక్కన అగరొత్తి.

అది ఏమిటో నాకు తెలుసు. నా బల్ల సొరుగులో దాని గురించి చిన్న పుస్తకం ఉంది. చెప్పానా? ఎందుకు చెబుతాను! లోపలికి పోయి మేనేజరు శ్యామసుందర్‌కి చెప్పాను, ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత ఆరు నెలలు అదే మా వినోదం. ఎవరైనా తెలిసినవాళ్లు వస్తే శ్యామసుందర్ వాళ్లను వెనక్కి తీసుకుపోయి, "రండి, మా గోదాం అమ్మవారిని చూపిస్తా" అనేవాడు. ఏ పెట్టె వచ్చినా గంగన్న దానికి వీపు ఆనించుకుని కూర్చుని అన్నం తినేవాడు. అమ్మ పక్కనుంటే అన్నం వొంటబడుతుందని అతని నమ్మకం. పిల్లికి చెలగాటం, ఎలకకు ప్రాణసంకటం. ఆ సామెత చిన్నప్పుడే చదువుకున్నాను, నేను పిల్లినని మాత్రం అప్పుడు తోచలేదు.

ఒకరోజు ఆ పెట్టెలు పంపే కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి తనిఖీకి వచ్చాడు. వచ్చేసరికి గంగన్న పెట్టెకి ఆనుకుని చద్దన్నం తింటున్నాడు. ఆయన వేసిన కేకకి రోడ్డు మీద రిక్షాలు ఆగిపోయాయి. నన్నూ శ్యామసుందర్‌నీ నిలబెట్టి కడిగేశాడు. వారంలోగా ఈ మనిషికి లేబుళ్లు చదవడం నేర్పాలి, నేర్పినట్టు రిజిస్టరులో వేలిముద్ర వేయించాలి, లేకపోతే మీ గోదాం మీద పైకి ఫిర్యాదు రాస్తానన్నాడు.

ఆ పని నా నెత్తిన పడింది. గంగన్నని కూర్చోబెట్టి చెప్పాను. తెల్ల లేబుల్ మీద ఒక్క ఎర్ర గీత ఉంటే పెట్టెలోంచి బయటికి వచ్చే కిరణం చాలా తక్కువ. పసుపు మీద రెండు గీతలుంటే అంతకన్నా ఎక్కువ. పసుపు మీద మూడు గీతలుంటే అన్నిటికన్నా ఎక్కువ, ఎత్తడం దించడం తప్ప దాని దగ్గర మసలకూడదు. కింద చిన్న గడిలో ఒక అంకె రాసి ఉంటుంది. ఆ అంకె పెరిగేకొద్దీ మన దూరం పెరగాలి. పక్కపక్కన పెట్టెలుంటే ఆ అంకెలన్నీ కూడుకోవాలి.

"మరి పసుపు కుంకం?" అన్నాడు.

"అది పసుపూ కాదు, కుంకమా కాదు. అమ్మ కాదురా అది, చావు! కంటికి కనపడదు, ముక్కుకి తెలియదు, ఒళ్లు కాలుతున్నా వెంటనే తెలియదు. ఇన్నాళ్లూ చావుకి అగరొత్తి వెలిగించావు."

నవ్వుతూ అన్నాను ఆ మాట. అతని మొహం తెల్లబోయింది. రెండు రోజులు పనికి రాలేదు. ఇంటికి పోయి సముద్రంలో మునిగి, అమ్మ ముందు చెంపలేసుకుని వచ్చాడట. ఆ తర్వాత మళ్లీ ఏ పెట్టె మీదా పువ్వు పెట్టలేదు.

అయితే అతను నేర్చుకున్న తీరు చూడాలి! అక్షరం ముక్క రానివాడు నాకన్నా బాగా నేర్చాడు. మిగతా కళాసీలకి, లారీ డ్రైవర్లకి తన పద్ధతిలో పాఠం చెప్పేవాడు.

"ఒక గీతంటే మరదలురా. పక్కన నిలబడి రెండు మాటలాడొచ్చు. రెండు గీతలు ఆడపడుసు. పలకరించి ఎల్లిపోవాల. మూడు గీతలు అత్తగోరు. ఎదురైతే పక్కకి తప్పుకోవాల, ఎనక్కి తిరిగి సూడకూడదు."

డ్రైవర్లు పగలబడి నవ్వేవాళ్లు. నవ్వుతూనే నేర్చుకున్నారు. నేర్చుకున్నాక ఏమైంది? అత్తగారిని లారీ ఎక్కించుకోం పొమ్మన్నారు. ఒకడు కాదు, అందరూ. మూడు గీతల పెట్టె కనిపిస్తే లారీ తిప్పుకుని పోయేవాళ్లు. పెట్టెలు గోదాంలో పేరుకుపోయాయి. పంపినవాళ్ల దగ్గర్నుంచి శ్యామసుందర్‌కి చీవాట్లు మొదలయ్యాయి.

ఆ శ్రావణంలో ఒకరోజు భంజనగర్ వైపు నుంచి గొట్టాల కాంట్రాక్టరు మనిషి జీపులో ఒక పెట్టె తెచ్చి పడేసి, సంతకం పెట్టించుకుని పరుగున వెళ్లిపోయాడు. రెండు పక్కలా మూడు గీతల లేబుళ్లు. ముందువైపు, ఫోటో తీసేటప్పుడు కిరణం బయటికి వచ్చే నోరు ఉంటుంది, దానికి మూత ఉండాలి. ఆ మూత లేదు. మూత ఎక్కడో పడిపోయి ఉంటుందిలే అనుకున్నాను. లోపలి సరుకు దాని గూట్లోకి పూర్తిగా పోకుండా నోటి దగ్గరే ఇరుక్కుని ఉందని నాకు తెలియదు. అది నిజంగా తెలియదు. తెలిసిన సంగతులు చాలానే ఉన్నాయి కాబట్టి ఈ ఒక్కటీ తెలియదంటే నమ్మండి.

శ్యామసుందర్ వచ్చి చూశాడు.

"నీలకంఠం, దీని లేబుళ్లు పీకెయ్. ఖాళీ పెట్టె అని చీటీ రాయి. ఇచ్ఛాపురం దాకా మన లారీలో పోతే అక్కడ మద్రాసు లారీ అందుకుంటుంది."

"గంగన్న చూస్తే?"

"చూడ్డానికి ఏం మిగులుతుంది?"

గెడ్డం గీసుకునే బ్లేడుతో రెండు లేబుళ్లూ నేనే గీకాను. జిగురు మరక మిగిలింది. గీకుతున్నంతసేపూ ఒళ్లు దూరంగా పెట్టి చేతులు చాచి గీకాను. అంటే ఏమిటి? ఆ లేబుల్ చెప్పేది నిజమని నేను నమ్ముతున్నాననే కదా. గీకిన కాగితాలు జేబులో వేసుకుని పది అడుగులు అవతలికి వచ్చి గంగన్నని పిలిచాను.

గంగన్న పెట్టె చుట్టూ తిరిగి చూశాడు. వంగి జిగురు మరక మీద వేలు రాశాడు.

"ఇక్కడేటో అంటించి పీకినట్టుంది బాబూ."

"పాతదిరా. ఖాళీ పెట్టె. ఇదిగో చీటీ."

"చీటీ నాకేటి తెలుస్తాది. మీరు సెప్పినారంటే సాలు." డ్రైవరు వైపు తిరిగి కేకేశాడు. "దీనికేటీ నేదురా. అత్తా కాదు, మరదలూ కాదు. ఎక్కించు!"

గంగన్న మాట మీదే డ్రైవరు ఒప్పుకున్నాడు. అప్పుడే వాన మొదలైంది. లారీకి పైకప్పు లేదు.

"పెట్టెలోకి నీళ్లు పోకూడదురా గంగన్నా. నోటికి మూత లేదు, జాగ్రత్త" అన్నాను. నేనే అన్నాను.

ఇచ్ఛాపురం దాకా గంటన్నర, దారిలో రైలు గేటు దగ్గర ఆగడంతో కలిపి. ఆ గంటన్నరా గంగన్న లారీ వెనకాల కూర్చుని, పెట్టెని కాళ్ల మధ్య పెట్టుకుని, గోనెసంచి కప్పి, వాననీళ్లు పోకుండా దాని నోటికి కుడి అరచెయ్యి మూతలా అడ్డం పెట్టి తీసుకెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి, "సుక్క నీరు పోనీనేదు బాబూ" అని చెప్పాడు. శెభాష్ అన్నాను.

మర్నాటి నుంచి అరచెయ్యి మంటగా ఉందన్నాడు. నాలుగో రోజుకి ఎర్రబడి వాచింది. ఏ సున్నం బస్తానో పట్టుకుని ఉంటావన్నాను. రెండు వారాలకి బొబ్బలు లేచి తోలు ఊడింది. నెల తిరక్కుండానే మూడు వేళ్లు నల్లబడ్డాయి. ఎడంచేత్తో ఆ చేతిని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని వసారాలో అటూ ఇటూ తిరిగేవాడు.

ఈలోగా మద్రాసు నుంచి, ఆ పెట్టెలు పంపే కంపెనీ ఉత్తరం వచ్చింది. పెట్టె తెరిచి చూస్తే సరుకు నోటి దగ్గరే ఉంది, దారిలో దీని దగ్గరగా ఎవరైనా ఉన్నారా, ఉంటే వెంటనే తెలియజేయండి, వాళ్లకి వైద్యం అందించాలి, లేబుళ్లు ఎందుకు లేవో కూడా రాయండి. ఉత్తరం నేనే చదివి శ్యామసుందర్‌కి ఇచ్చాను. ఆయన మడిచి సొరుగులో పెట్టాడు.

"గంగన్న ఉన్నాడు కదండీ" అన్నాను.

"రాద్దాం. లేబుళ్లు ఎవరు పీకారని అడుగుతారు. పీకింది నా చెయ్యా, నీ చెయ్యా? ఖాళీ అని చీటీ రాసింది ఎవరు?"

తేలు కుట్టిన దొంగలా వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను.

గంగన్నని పెద్దాసుపత్రిలో చేర్చారు. నేను చూడ్డానికి వెళ్లాను, వెళ్లకపోతే బాగుండదని. మంచం పక్కన అతని భార్య కాసమ్మ చేపలమ్మే బుట్ట బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉంది. భారతీదేవి అని ఒక పడుచు డాక్టరమ్మ ఆ చేతిని తిప్పి తిప్పి చూస్తోంది.

"ఇది నిప్పుతో కాలింది కాదు" అందామె నాతో. "మీ గోదాంకి రేడియేషన్ పెట్టెలు ఏమైనా వస్తాయా?"

నేను నోరు తెరిచేలోగా మంచం మీద నుంచి గంగన్నే అందుకున్నాడు. ఆ నొప్పిలోనూ అతని గొంతులో గర్వం. "వస్తాయి డాక్టరమ్మా. తెల్లది ఒక గీత, పసుపుది రెండు గీతలు, పసుపుది మూడు గీతలు. గడిలో అంకె సూసి దూరముండాల. మా గుమస్తా బాబే నేర్పినారు. నాను ఏలుముద్ర కూడా ఏసినాను."

"వాటిలో దేన్నైనా చేత్తో పట్టుకుని కూర్చున్నావా?"

"అమ్మో! గీతలున్నదాన్ని ఎత్తి దించడమే గానీ పట్టుకుని కూకుంటానా? ఒక్క పెట్టినే పట్టుకున్నాను, వాననాడు. దానికి లేబుల్ నేదు. అన్ని పక్కలా నా కళ్లతో సూసినాను. లేబుల్ ఉంటే నాకు తెలవదేటి?"

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నిజమేనా? సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి. రేడియేషన్ అని రూఢిగా తెలిస్తే ఇవాళే బొంబాయి పంపిస్తాను. అక్కడ ఈ గాయాలు తెలిసిన డాక్టర్లున్నారు. బొటనవేలూ చూపుడువేలూ అయినా దక్కుతాయి."

వల అల్లడానికి ఆ రెండు వేళ్లు చాలు. నాకు ఆ సంగతి తెలుసు. కాసమ్మకీ తెలుసు, లేచి నిలబడి నా మొహంలోకి చూస్తోంది. మద్రాసు ఉత్తరం శ్యామసుందర్ సొరుగులో ఉంది. గీకిన లేబుళ్లు మా ఇంట్లో నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

"నిజమేనండి" అన్నాను. "లేబుల్ లేదు."

"సూసినారా!" అన్నాడు గంగన్న. నేను అతని పక్షాన సాక్ష్యం చెప్పానని పొంగిపోయాడు. డాక్టరమ్మ ఏదో రాసుకుంది. ఆ వారంలో మణికట్టు దాకా తీసేశారు. పుండు ఆగలేదు. ఇంకో నెలకి మోచెయ్యి దాకా తీసేశారు.

తర్వాత ఒక ఆదివారం అరటిపళ్లు పట్టుకుని గంజాం వెళ్లాను. ఎందుకు వెళ్లానని అడక్కండి. గుమ్మంలో సగం అల్లిన వల మేకుకి వేలాడుతోంది, అల్లే సూది అందులోనే గుచ్చి ఉంది. గంగన్న గోడకి చేరబడి ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, లేని చేతిని నేలకి ఆనించబోయి పక్కకి ఒరిగాడు. కాసమ్మ పట్టుకుంది.

మళ్లీ గోడకి చేరబడి అడిగాడు. "బాబూ, ఒక మాట అడుగుతాను, నిజం సెప్పండి. వాడలో అందరూ అంటన్నారు. పసుపు కుంకం పెట్టిన పెట్టికి దండం పెట్టడం మానేసినాను కదా. అమ్మని పట్టుకుని సావు అన్నాను, పదిమందికీ అలగే సెప్పినాను. అందుకే అమ్మ సెయ్యి తీసుకుందంట. నాను మీ మాటే నమ్మినాను బాబూ, ఇప్పటికీ నమ్ముతాను. మీరేటంటారు? అందుకేనా?"

ఒక్క మాట. కాదురా, ఆ పెట్టెకి లేబుల్ ఉంది, నేను పీకాను, అంటే అయిపోయేది. చెయ్యి ఎలాగూ రాదు, కనీసం తన తప్పు కాదని తెలిసేది. అతను నా నోటికేసి చూస్తున్నాడు, నేను ఏం చెబితే అదే పట్టుకుందామని. నాకు ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, గోదాంలో పదమూడేళ్ల సర్వీసు.

"ఏమోరా" అన్నాను. "అయ్యుండొచ్చు."

గంగన్న తలూపాడు. కళ్లమ్మట నీళ్లు కారాయి, ఎడంచేత్తో తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. ఎడంచేత్తో వల అల్లడం నేర్చుకోబోయాడనీ, కన్ను కుదరక చింపేసేవాడనీ విన్నాను. నేను మళ్లీ ఆ వాడకి వెళ్లలేదు. నాకు ఏ రోగమూ రాలేదు, ఉద్యోగం నిండుగా చేసి దిగాను, పళ్లు కూడా గట్టిగానే ఉన్నాయి. ఇక కాసమ్మ వచ్చిన రోజు చెప్పి ఆపేస్తాను.

నేను వెళ్లి వచ్చిన వారానికి, పట్టపగలు, ఆమె గోదాంకి వచ్చింది. స్నానం చేసి తడిజుట్టు ముడేసుకుని, చేతిలో పళ్లెం. పసుపు, కుంకం, బంతిపూలు, కొబ్బరికాయ.

"ఆయన పంపినాడు బాబూ. అమ్మకి మొక్కి తప్పు ఒప్పుకుని రమ్మన్నాడు. ఆయన రానేడు కదా. ఏదీ ఆ పెట్టి?"

పొద్దున్నే ఒకటి వచ్చి ఉంది. మూడు గీతలది. మద్రాసు ఉత్తరం తర్వాత శ్యామసుందర్ లేబుళ్ల జోలికి పోవడం మానేశాడు. వద్దని చెప్పవచ్చు. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతుంది. మూసిన పెట్టె, కాసేపటికి ఏం కాదులే అనుకుని వేలెత్తి చూపించాను.

"మీరూ రండి బాబూ. మీరు కూడా అమ్మని సూసి నవ్వినారంట కదా. ఒక్కసారి దండం పెట్టుకోండి, మీకూ మంచిదే."

"నాకు పనుంది. నువ్వు కానివ్వు."

ఆమె పెట్టె ముందు నేల తుడిచి కూర్చుంది. కొబ్బరికాయ కొట్టింది. లేబుల్ పసుపు మీద ఇంకాస్త పసుపు రాసి, మూడు ఎర్ర గీతల మీద కుంకం దిద్దింది. రెండు చేతులా పెట్టెని కావలించుకుని నుదురు దానికి ఆనించింది. పైకే మొక్కుకుంటోంది, నా బల్ల దాకా వినిపిస్తోంది.

"ఆయనకి తెలీక మానేసినాడు తల్లీ. గుమస్తా బాబుది తప్పు నేదు, సదువుకున్నోరు, మంచికే సెప్పినారు. ఆ బాబు మీద కోపం పెట్టుకోకు. ఆ బాబు సేతులు సల్లగా సూడు తల్లీ."

పావుగంట సేపు ఆమె అలాగే కావలించుకుని ఉంది. నేను నా బల్ల దగ్గరే కూర్చున్నాను. లేవమని అనలేదు.